ఉమ్మడి షెడ్డులో జాయింటర్: ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది?

తిరుపతిలో ఒక బల్లో, తలుపో చేయించుకోవాలంటే మొన్నమొన్నటి దాకా ఒకటే పద్ధతి. టింబర్ డిపోలో చెక్క ఎంచుకోవాలి, మిల్లులో కోయించాలి, అక్కడే చిత్రిక పట్టించి ఆటోలో వేసుకొని రావాలి. మిషన్ దగ్గర నిలబడేది మిల్లు మనిషి. రెండు గజాల అవతల నిలబడి, పొట్టు కళ్ళలో పడకుండా మొహం పక్కకు తిప్పుకోవడం ఒక్కటే మన పని. ఇప్పుడు ఇంకో దారి కూడా కనిపిస్తోంది. నలుగురైదుగురు డబ్బులు వేసుకొని షెడ్డు అద్దెకు తీసుకుంటారు, మిషన్లు ఉమ్మడిగా పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రిటైరైన మాస్టారు, ఇంటీరియర్ పని నేర్చుకుంటున్న కుర్రవాడు, సగం జీవితం ఉలితో గడిపిన మేస్త్రి, అందరూ ఒకే యంత్రం ముందు వంతులు వేసుకుంటారు.

ఆ వంతుల్లో మొదట తగవు వచ్చేది చెక్క ముఖాన్ని చదును చేసే జాయింటర్ దగ్గరే. చేతులు బ్లేడు మీదుగా వెళ్ళవచ్చని ఒక వీడియో చెబుతుంది, వెళ్ళనే కూడదని ఇంకొకటి చెబుతుంది. బ్లేడును కప్పే గార్డు తీసేస్తేనే పని కనిపిస్తుందని మేస్త్రి అంటాడు. గ్లోవ్స్ వేసుకోమని ఒకరు, వేసుకుంటే వేళ్ళు పోతాయని మరొకరు. ఈ మాటల్లో చాలావరకు ఎవరి మిషన్‌కు వారి మాట సరైనదే. ఒక మిషన్‌కు చెప్పిన మాటను ఇంకో మిషన్ మీద పాటించినప్పుడే చిక్కు వస్తుంది. అందుకే మిషన్ పేరు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఒకే యంత్రం, నాలుగు పేర్లు

అమెరికా వీడియోల్లో జాయింటర్ అనేదాన్నే మన డిపోల్లో సర్ఫేస్ ప్లేనర్ అంటారు. రందా మిషన్ అనేవాళ్ళూ ఉన్నారు. అమెరికావాళ్ళు ప్లేనర్ అనేది వేరే యంత్రం, మనవాళ్ళ భాషలో అది థిక్‌నెసర్. బ్రిటన్‌లో మాట మళ్ళీ మన వైపే ఉంటుంది. కాబట్టి "ప్లేనర్ వాడేటప్పుడు" అని మొదలయ్యే సలహా విన్నప్పుడు, ఏ దేశపు ప్లేనర్ అని ముందు అడగాలి.

రెండింటి పనీ వేరు. జాయింటర్ చెక్కకు ఒక ముఖాన్ని చదును చేస్తుంది, ఆ ముఖానికి మూలమట్టం పెట్టినట్టు ఒక అంచును నిటారుగా తీస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది. రెండో ముఖాన్ని మొదటిదానికి సమాంతరంగా తెచ్చి, మందం అంతటా ఒకేలా చేసేది థిక్‌నెసర్. జాయింటర్ మీద రెండు వైపులా చిత్రిక పడితే రెండు వైపులూ చదునవుతాయి కానీ, ఒక కొస ముప్పావు అంగుళం, ఇంకో కొస అర అంగుళం మిగలవచ్చు. ఈ తేడా తెలియనివాళ్ళు మందం సరిచేయాలని అదే చెక్కను జాయింటర్ మీద పదిసార్లు తోస్తారు. పనికిరాని ఆ పది తోపుల్లో పదిసార్లూ చేతులు బ్లేడుకు దగ్గరగా వెళ్ళి వస్తాయి.

రెండు బల్లల మధ్య జరిగేది

యంత్రానికి రెండు ఇనుప బల్లలు ఉంటాయి. చెక్కను మొదట పెట్టేది అందించే బల్ల, కోత తర్వాత చెక్క చేరేది అందుకునే బల్ల. రెండింటి మధ్య సందులో బ్లేడ్లు బిగించిన కట్టర్ బ్లాక్ తిరుగుతుంది. ఒక పక్కన చెక్కను ఆనించడానికి నిలువు పలక, అదే ఫెన్సు.

కిటుకంతా ఎత్తుల్లో ఉంది. అందుకునే బల్ల, తిరిగే బ్లేడు అంచు తాలూకు పై స్థానం, ఈ రెండూ ఒకే మట్టంలో ఉండాలి. అందించే బల్ల వాటికంటే కోత లోతు అంత కిందికి ఉండాలి. అందించే బల్లను ఒక మిల్లీమీటరు దించితే, ఒక తోపుకు ఒక మిల్లీమీటరు పొట్టు లేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. అందుకునే బల్ల ఉండాల్సిన దానికంటే 0.3 మిల్లీమీటర్లు పైకి ఉందనుకుందాం. మామూలుగా చూస్తే కంటికి ఆనదు. చెక్క ముందు కొస బ్లేడు దాటి వచ్చి ఆ బల్ల అంచుకు తగిలి ఆగుతుంది. తోసేవాడు ఏమనుకుంటాడు? బ్లేడు మొద్దుబారిందనుకుంటాడు, ఇంకాస్త గట్టిగా తోస్తాడు. ఆ అడ్డు ఒక్కసారిగా తొలగితే చెక్క ముందుకు దూకుతుంది, దాని మీద బరువు వేసిన చేతులు ఎటు పోతాయో చెప్పలేం. అదే బల్ల 0.3 మిల్లీమీటర్లు కిందికి ఉంటే మనిషికి ముప్పు తక్కువే. చెక్క చివర ఆధారం తప్పి బ్లేడు మీదికి జారుతుంది, అక్కడ చిన్న గుంట పడుతుంది. గుంట పడిన పలకను చూసి అందరూ గొణుగుతారు. అడ్డుపడిన పలకను మాత్రం గట్టిగా తోసి మరచిపోతారు. గొణగాల్సింది రెండోదానికి.

సెకనుకు 250 కోతలు

ఆరంగుళాల జాయింటర్లలో కట్టర్ బ్లాక్ నిమిషానికి సుమారు 5,000 చుట్లు తిరగడం మామూలు. బ్లాక్‌కు మూడు బ్లేడ్లు ఉంటే నిమిషానికి 15,000 కోతలు, సెకనుకు 250. బ్లాక్ వ్యాసం రెండున్నర అంగుళాలైతే చుట్టుకొలత దాదాపు 200 మిల్లీమీటర్లు. అంటే బ్లేడు అంచు నిమిషానికి వెయ్యి మీటర్లు, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. బైపాస్ మీద బైకు వేగం అది, ఒక ఇరుకు సందులో.

వేలికి ఏదో తగిలిందని మెదడు గ్రహించి చేతిని వెనక్కి లాగడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆలోగా 50 కోతలు పడిపోతాయి. రంపం గాయానికీ దీనికీ తేడా ఇక్కడే. రంపం కోసిన వేలు కొన్నిసార్లు అతికించడానికి మిగులుతుంది. జాయింటర్ కోయదు, పొట్టు చేస్తుంది.

ఇంకో సంగతి. స్విచ్ ఆపగానే బ్లాక్ ఆగదు. గార్డు కింద శబ్దం తగ్గుతూ ఉంటుంది, మిల్లు హోరులో అది వినిపించదు. పొట్టు ఊడ్చడానికి చెయ్యి పెట్టేది సరిగ్గా అప్పుడే. యూరప్ యంత్రాల్లో పది సెకన్లలోపు ఆగేలా బ్రేకు పెట్టడం ఈ కారణంతోనే. బ్రేకు లేని పాత మిషన్ ఎంతసేపు తిరుగుతుందో గడియారం పెట్టి ఒకసారి చూసి, ఆ సంఖ్యను మిషన్ మీదే సుద్దతో రాసిన షెడ్డును నేను చూశాను. దాని ఖర్చు ఒక సుద్దముక్క.

చిన్న ముక్క, వంకర పలక

పన్నెండు అంగుళాల కంటే పొట్టి చెక్కను జాయింటర్ మీద పెట్టవద్దని చాలా తయారీదారుల పుస్తకాల్లో ఉంటుంది. పెద్ద పలక బరువు, తోయడం కష్టం. అరచేతిలో పట్టే ముక్క ఏం చేస్తుందిలే అని కొత్తవాళ్ళకు అనిపిస్తుంది. రెండు బల్లల మధ్య సందు రెండంగుళాలు ఉందనుకుందాం. రెండడుగుల పలక ఆ సందును దాటేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక బల్ల మీద బాగా పరుచుకొని ఉంటుంది. ఐదంగుళాల ముక్కకు ఒక దశలో ఈ పక్క అంగుళంన్నర, ఆ పక్క అంగుళంన్నర మాత్రమే ఆధారం. ముందు కొస మీద చెయ్యి కాస్త ఎక్కువ నొక్కిందా, సరే. వెనుక కొస కాస్త లేచిందా, ముక్క సందులోకి తొంగుతుంది. బ్లేడు దాన్ని పట్టుకొని మన వైపు విసురుతుంది. ముక్క మాయమైన చోట, దాని మీద బరువు వేసి ఉన్న చెయ్యి మిగులుతుంది. చెయ్యి సందులో పడటం అంటే ఇదే.

వంకర పలక సంగతి వేరు. ఎండలకు పలక అడ్డంగా వంగి డొప్పలా అవుతుంది. డొప్పను బోర్లించినట్టు పెడితే రెండు అంచుల మీద కుదురుగా కూర్చుంటుంది. వెల్లకిలా పెడితే ఊయలలా ఊగుతుంది, ఊగేదాన్ని నొక్కి పట్టడానికి మనిషి వంగుతాడు.

ఆరంగుళాల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న మామిడి పలక మధ్యలో 4 మిల్లీమీటర్లు వంగిందనుకుందాం. తోపుకు ఒక మిల్లీమీటరు చొప్పున నాలుగు తోపులు. థిక్‌నెసర్ పని కూడా అయ్యాక మిగిలే మందం 21. మనకు కావలసింది కుర్చీకి మూడంగుళాల పట్టీలు రెండు అయితే, ముందే నిలువునా రెండుగా కోస్తే? వంపు వెడల్పు వర్గంతో మారుతుంది, అంటే వెడల్పు సగమైతే వంపు నాలుగో వంతు. ఒక్కో పట్టీకి మిల్లీమీటరే వంపు, ఒక్కో తోపే చాలు, మందం 24 మిగులుతుంది. చేతులు బ్లేడు దాటేది నాలుగుసార్లకు బదులు రెండుసార్లు. అయితే ఆ రెండు పట్టీలను మళ్ళీ అతికించి ఆరంగుళాల పలకే చేయాలంటే అంచులకు మరో రెండు తోపులు కావాలి, లెక్క నాలుగుకే వస్తుంది. చెక్క మిగిలిందన్న తృప్తి తప్ప తోపుల్లో లాభం లేదు.

ఎవరు ఏ చెక్క తెస్తారో

మిల్లులో చెక్కను మిల్లు మనిషే ఎంచుతాడు, ఏది మిషన్‌కు పనికిరాదో చూడగానే చెబుతాడు. ఉమ్మడి షెడ్డుకు ఎవరి చెక్క వారు తెస్తారు. చిత్తూరు వైపు నుంచి పాత తోటల మామిడి వస్తుంది. దాని నారలు తరచూ మెలికలు తిరిగి ఉంటాయి, ఒక దిశలో నున్నగా వచ్చినది జానెడు దూరం పోగానే చిట్లడం మొదలవుతుంది. పిల్లిని తల నుంచి తోక వైపు నిమిరినట్టు చెక్కను నార దిశలో తోయాలంటారు. మెలికల మామిడికి తల ఎటో తోక ఎటో తెలియదు. అప్పుడు మిగిలింది లోతు తగ్గించి, మెల్లగా తోయడమే.

ఇంతకంటే పెద్ద చిక్కు పాత ఇళ్ళ కలపతో. ఇల్లు పడగొట్టినచోట దొరికిన టేకు ద్వారబంధం, వేప దూలం చేవదేరి ఇనుములా ఉంటాయి, ధరా బాగుంటుంది. గోడ వైపు ముఖంలో సున్నం, ఇసుక అంటుకొని ఉంటాయి. తల తెగిన మేకు లోపలే ఉండిపోయి, పైన చిన్న నల్లని మచ్చగా కనిపిస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుంది, కంటితో చూస్తే ముడి అనుకుంటాం. ఆ మేకు మీదుగా బ్లేడు ఒక్కసారి పోయిందంటే అంచులో గాటు పడుతుంది. అక్కడి నుంచి అందరి పలకల మీదా ఒక సన్నని గీత లేస్తూనే ఉంటుంది. ఎవరి మేకు అనేది ఎప్పటికీ తేలదు.

ఎర్రచందనం ముక్క ఎవరైనా తెస్తే అది జాయింటర్ సమస్య కాదు. శేషాచలం ఒడిలో ఉన్న ఊళ్ళో ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు, దాన్ని షెడ్డు గడప దాటనివ్వకపోవడమే అందరికీ క్షేమం.

గార్డు మీద రెండు ఖండాల వాదం

ఇప్పుడు వీడియోల తగవుకు వద్దాం. అమెరికా మిషన్ల మీద ఉండే గార్డు స్ప్రింగు పట్టిన రెక్క లాంటిది. చెక్క దాన్ని పక్కకు నెట్టుకొని వెళుతుంది, దాటగానే రెక్క తిరిగి ఫెన్సు వైపు మూసుకుంటుంది. చెక్క ఉన్నంతసేపు చెక్కే బ్లేడును కప్పుతుంది. ఈ పద్ధతిలో చేతుల కింద పిడి ఉన్న తోపుడు చెక్కలు తప్పనిసరి అంటారు. ఎందుకంటే చెక్క బ్లేడు దాటిపోయిన క్షణానికీ, రెక్క మూసుకునే క్షణానికీ నడుమ చేతికి, బ్లేడుకు మధ్య వేరే అడ్డు లేదు.

యూరప్ గార్డు వంతెన లాంటిది. బ్లేడు పొడవునా మీద పరుచుకొని ఉంటుంది, ఎత్తు సర్దుకోవచ్చు. పలక ముఖాన్ని చదును చేసేటప్పుడు పలక వంతెన కిందుగా పోతుంది, చేతులు వంతెన మీదుగా దాటుతాయి. అంచు తీసేటప్పుడు వంతెనను జరిపి, దానికీ ఫెన్సుకూ మధ్య చెక్క పట్టేంత సందు మాత్రం వదులుతారు. ఈ పద్ధతిలో మామూలు పొడవు పలకకు వట్టి చేతులే వాడతారు. ఎత్తైన తోపుడు చెక్క అయితే వంతెనకు తగిలి ఆగిపోతుంది. ముక్క పొట్టిదైతే అక్కడా తోపుడు చెక్క తీస్తారు.

కాబట్టి వట్టి చేతులతో తోసే యూరప్ మనిషీ, చేతులు దగ్గరికే రాకూడదనే అమెరికా మనిషీ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గార్డు తీసేసిన మిషన్ ముందు నిలబడి, యూరప్ వీడియోలో చూసిన చేతులను అనుకరించడమే తప్పు. పాత మిషన్లలో గార్డు ఊడదీసి మూల పడేసినవి కొల్లలు. వీడియోలో వంతెన ఎవరి కంటికీ పెద్దగా కనిపించదు, చేతులే కనిపిస్తాయి.

గార్డు వద్దనే మేస్త్రీల వాదాన్ని తీసిపారేయడం సులువు. కానీ అందులో ఒక సత్యం ఉంది. బ్లేడు కనిపిస్తుంటే మనిషి జాగ్రత్తగా ఉంటాడు, కప్పి ఉంచితే ధీమా పెరుగుతుంది అని వాళ్ళంటారు. ఏళ్ళ తరబడి రోజూ అదే మిషన్ మీద, అదే ఎత్తులో, ఎవరూ కదిలించకుండా పనిచేసే మనిషికి ఆ మాట కొంతవరకు పనిచేస్తుంది. నెలకు రెండు ఆదివారాలు వచ్చేవాడికి ఆ చూపు లేదు, వచ్చేలోగా గార్డు కావాలి. ఇంకోటి, ఫెన్సును ముందుకు జరిపినప్పుడు దాని వెనక వైపు బ్లేడు బయటపడుతుంది. ముందు గార్డు గురించి గంటలు వాదించేవాళ్ళు ఆ వెనక భాగం గురించి ఒక్క మాటా అనరు. ఫెన్సు మీద చెయ్యి ఆనించి కబుర్లు చెప్పేవాడి వేళ్ళు వేలాడేది అటువైపే.

గ్లోవ్స్ విషయంలో వాదం సన్నగానే ఉంది. చేతికి బాగా అతుక్కునే రబ్బరు పూత గ్లోవ్స్ పట్టు పెంచుతాయని కొందరంటారు. తిరిగే బ్లేడు దగ్గర బట్ట చిక్కుకుంటే వేలిని కూడా లోపలికి లాగుతుందన్నది ఎక్కువమంది మాట, నాకు సబబుగా తోచేదీ అదే. గరుకు చెక్కను లారీ నుంచి దించేటప్పుడు వేసుకోండి, స్విచ్ నొక్కే ముందు విప్పండి అంటే రెండు పక్షాలకూ పేచీ ఉండదు. ముంజేతి గొలుసు, చేతికి కట్టిన కంకణం, వదులు చొక్కా కూడా ఈ లెక్కలోవే.

బోరు స్టార్టర్ నేర్పే పాఠం

చిత్తూరు జిల్లాలో బోరు మోటారు తెలియని ఇల్లు అరుదు. కరెంటు పోతే స్టార్టర్ పడిపోతుంది, కరెంటు రాగానే మనం వెళ్ళి పచ్చ బటన్ నొక్కాలి. అర్ధరాత్రి పొలానికి పరుగెత్తలేక రైతులు ఆటో స్టార్టర్ పెట్టించుకుంటారు, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. బోరుకు ఎంతో మేలు చేసే ఆ పరికరం జాయింటర్‌కు తగిలిస్తే ప్రాణాంతకం.

జాయింటర్ నడుస్తుండగా కరెంటు పోయిందనుకుందాం. చీకటి, నిశ్శబ్దం. సందులో చెక్క ఇరుక్కుంది. దాన్ని తీయడానికి ఎవరో చెయ్యి పెడతారు. స్విచ్ మామూలు టక్ టక్ స్విచ్ అయితే అది ఇంకా ఆన్‌లోనే ఉంది, కరెంటు తిరిగి వచ్చిందంటే బ్లాక్ తిరుగుతుంది. పడిపోయే స్టార్టర్ ఉంటే ఎవరైనా కావాలని బటన్ నొక్కేదాకా కదలదు. బోరు దగ్గర మనం విసుక్కునే ఆ గుణమే ఇక్కడ కాపాడుతుంది. చేతి ప్లేనర్‌ను తిరగేసి స్టాండుకు బిగించి, ట్రిగ్గర్ లాక్ చేసి జాయింటర్‌లా వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. లాక్ చేసిన ట్రిగ్గర్ అంటే ఆటో స్టార్టరే.

మూడు ఫేజుల మోటారుకు రిపేరు తర్వాత వైర్లు తారుమారైతే బోరులో నీళ్ళు సరిగా రావు, రైతు వెంటనే పోల్చుకుంటాడు. జాయింటర్ వెనక్కి తిరిగితే పైకి ఏమీ తెలియదు, హోరు అదే. చెక్క పెట్టాక తెలుస్తుంది: బ్లాక్ దాన్ని ఎదురు తోయడం మాని ముందుకు గుంజుతుంది.

చేతులు మారిన ప్రతిసారీ

ఇన్ని చెప్పుకున్నాక కూడా, మిల్లులో ఉన్న జాయింటర్‌కూ ఉమ్మడి షెడ్డులో ఉన్న జాయింటర్‌కూ ఇనుములో తేడా లేదు. తేడా అంతా ఎత్తులు ఎవరు సర్దారన్న దాంట్లో ఉంది. మిల్లు మనిషి నిన్న సాయంత్రం వదిలిన మిషన్ దగ్గరికి ఇవాళ ఉదయం తనే వస్తాడు. షెడ్డులో ఒకరు వదిలినదాన్ని ఇంకొకరు అందుకుంటారు, వదిలినవాడు ఏం మార్చాడో అందుకున్నవాడికి తెలియదు.

ఒక ఆదివారం ఎలా గడుస్తుందో ఊహించండి. పదకొండింటికి మేస్త్రి పాత టేకు మీద మొదటి తోపుకు మేస్త్రీల లెక్కలో ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు లోతు పెట్టాడు. సన్నని అంచు, బలమైన చేతులు, పని అయిపోయింది. టీకి వెళ్ళాడు. మాస్టారు ఐదంగుళాల వెడల్పు వేప పలక ముఖం చదును చేయడానికి వచ్చారు. అదే లోతులో పలక పెట్టారు. మూడు మిల్లీమీటర్ల మందాన, ఐదంగుళాల వెడల్పున ఒకేసారి కొరకమంటే మోటారు మూలిగింది, పలక ఎగిరి వెనక్కి తన్నింది. వెనకనుంచి కుర్రవాడు భుజం మీద చెయ్యి వేసి "సార్, ఇంకా ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. ఈ కథలో ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. మేస్త్రి లోతు ఆయన పనికి సరైనదే, మాస్టారు తోసిన తీరు సరైనదే, కుర్రవాడు మర్యాదగానే అడిగాడు. మధ్యలో లేనిది ఒకటే: పని ముగించినవాడు లోతును తిరిగి మిల్లీమీటరుకు తెచ్చి వదలాలన్న ఆనవాయితీ. మిషన్ చుట్టూ నేల మీద పసుపు గీత గీసి, స్విచ్ ఆన్‌లో ఉండగా లోపలికి ఒక్కరే అంటే కుర్రవాడి సంగతీ తేలుతుంది.

బ్లేడు మార్పు ఇంకా సున్నితం. కరెంటు వైరు పీకేసి, అందుకునే బల్ల మీద ఒక తిన్నని చెక్క పట్టీ ఉంచి, బ్లాక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే ప్రతి బ్లేడూ ఆ పట్టీని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు లాగి వదలాలి. ఒక బ్లేడు ఎక్కువ లాగి ఇంకొకటి తాకనే తాకకపోతే, మూడు బ్లేడ్ల మిషన్ నిజానికి ఒక్క బ్లేడుతో కోస్తున్నట్టు. బ్లేడును పట్టి ఉంచే బోల్టులు ఎవరు బిగించారు, ఎవరు మళ్ళీ చూశారు అనే రెండు పేర్లు బోర్డు మీద రాయకుండా మిషన్ ఆన్ చేయని షెడ్డు నాకు నచ్చుతుంది. వదులైన బ్లేడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుంది.

కంబైన్డ్ మిషన్లు ఈ చిక్కును రెట్టింపు చేస్తాయి. ఒకే మోటారు, ఒకే ఇరుసు, ఒక పక్క జాయింటర్, దాని చివర గుండ్రని రంపం. రంపం దగ్గర ఉన్నవాడు స్విచ్ నొక్కితే ఇవతల జాయింటర్ కూడా తిరుగుతుంది. ఇవతల ఎవరో బల్ల ఎత్తు సర్దుతుంటారు. ఖర్చు తగ్గుతుందని కొనే ఆ మిషన్ ఒక్క మనిషి కోసం తయారైనది. ఇద్దరు వాడుకోవచ్చని దాన్ని చూస్తే అనిపించడమే దాని లోపం.

చట్టం ఎక్కడి దాకా వస్తుంది

ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది. కరెంటుతో నడిచే చోట 10 మంది కార్మికులుంటే దాని లెక్కలో అది ఫ్యాక్టరీ అయ్యేది. దాని కింద రాష్ట్రాల నియమావళుల్లో చెక్కపని యంత్రాలకు వేరే షెడ్యూలే ఉంది. చేత్తో తోసే ప్లేనర్‌కు గుండ్రని కట్టర్ బ్లాకే ఉండాలని, సందు పొడవు వెడల్పులంతా కప్పే వంతెన గార్డు ఉండాలని అందులో ఉంది. చతురస్రపు బ్లాక్ ఉంటే సందు పెద్దదవుతుంది, వేలు లోతుగా దిగుతుంది కాబట్టి ఆ నియమం. అమెరికా నియమాలు కూడా గుండ్రని బ్లాక్‌నే అడుగుతాయి, బ్లేడు బ్లాక్ నుంచి అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి పొడుచుకు రాకూడదంటాయి. మన మేస్త్రి నూలు లెక్కే అది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ 10 మంది లెక్కను 20కి పెంచింది. నలుగురు కలిసి నడిపే షెడ్డు పాత లెక్కకూ అందలేదు, కొత్త లెక్కకూ అందదు. పైగా అక్కడ యజమాని ఎవరు, కార్మికుడు ఎవరు? అందరూ చందా కట్టినవాళ్ళే. ఫ్యాక్టరీ కాదు కాబట్టి నియమం వర్తించదని ఒక వాదం. వర్తించకపోయినా ఆ షెడ్యూలు ఏళ్ళ అనుభవంతో రాసినది, కొనబోయే మిషన్‌కు దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే పోయేదేముంది అని ఇంకో వాదం. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికే పాత మిషన్ మూత తీసి, బ్లాక్ గుండ్రమా చతురస్రమా అని చూడటానికి లాయరు అక్కరలేదు.

అందరికీ నేర్పాలా, ఒక్కరికే అప్పగించాలా

షెడ్డు పెట్టుకున్నవాళ్ళు చివరికి చేరే ప్రశ్న ఇది. మిల్లు పద్ధతిలో ఒకే మనిషికి జాయింటర్ అప్పగిస్తే, మిగతావాళ్ళు చెక్క ఇచ్చి పుచ్చుకుంటారు. ఎత్తులు ఎవరు మార్చారన్న గొడవే ఉండదు. కానీ ఆ మనిషి ఊరెళితే పని ఆగుతుంది. నేర్చుకోవడానికి వచ్చినవాడు మళ్ళీ రెండు గజాల అవతలే నిలబడతాడు, అప్పుడు షెడ్డు ఎందుకు, మిల్లే ఉంది కదా అంటాడు. అందరికీ నేర్పుదామంటే నేర్చుకున్నది నిలవాలి. మూడు నెలల తర్వాత వచ్చినవాడి చేతికి ఏం గుర్తుంటుంది?

కొన్నిచోట్ల మధ్యేమార్గం నడుస్తోంది. స్టార్టర్‌కు తాళం, తాళం చెవి ఇద్దరు ముగ్గురి దగ్గర. వాళ్ళలో ఒకరు షెడ్డులో ఉంటేనే జాయింటర్ తిరుగుతుంది. వాడేది ఎవరైనా సరే, బ్లేడు, బల్ల ఎత్తు మార్చేది మాత్రం చెవి ఉన్నవాళ్ళే. అందించే బల్ల లోతుకు ఒక ఆపు బిగించి, అంగుళంలో పదహారో వంతు దాటకుండా చేస్తారు. మేస్త్రికి ఇది చిరాకు, ఆయన ఒక్క తోపులో చేసే పనికి రెండు తోపులు పడతాయి. ఆయన చిరాకు న్యాయమైనదే, ఆ రెండో తోపు ఖర్చును మిగతావాళ్ళ కోసం ఆయన భరిస్తున్నాడు.

మిషన్‌కు దక్కని పొట్టి ముక్కల సంగతి అప్పటికీ మిగులుతుంది. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కేవాళ్ళ చేతిలో ఉలి, కొడతి ఆడటం చూస్తే, ఐదంగుళాల ముక్క కోసం 5,000 చుట్ల యంత్రం అడగబుద్ధి కాదు. షెడ్డులో జాయింటర్ పక్కనే గోడకు ఒక చేతి చిత్రిక వేలాడదీసి, దాని బ్లేడు ఎప్పుడూ పదునుగా ఉంచే పని కుర్రవాడికి అప్పగించారు. మాస్టారు ఇప్పుడు చిన్న ముక్కలన్నీ దాంతోనే చేసుకుంటున్నారు. పొట్టు చుట్టలు చుట్టలుగా ఆయన చెప్పుల మీద పడుతుంటే, పక్కన మిషన్ ఆగి ఉంటుంది.